2024–25 వార్షిక నివేదిక: పాయలో బోట్ల వేగం, గట్టు కోత

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు చెప్పక్కర్లేదు. వరద గోదారి లంకల్ని కోస్తుందని తాతల నాటి నుంచీ తెలిసిందే. కానీ వరద వచ్చి పోతుంది. దిండి వైపు నుంచి వచ్చే ఇంజన్ బోట్ల కెరటం మాత్రం సెలవులు, ఆదివారాలు చూసుకుని మరీ గట్టు మొదలు తొలిచేస్తోంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది రేవులో చేసిన పరీక్ష. రంగు గీతలు వేసిన వెదురు గెడ ఒడ్డు దగ్గర పాతి, ఒకే బోటును మూడు వేగాల్లో నడిపించాం. మెల్లగా పోతే మొదటి గీత కూడా తడవలేదు. పూర్తి వేగంలో బోటు నీటి మీదికి తేలిపోయింది, కెరటం ఓ మోస్తరే. అసలు గోలంతా మధ్య వేగంలోనే. బోటు మూతి పైకెత్తి, వెనక భాగం కుంగిపోయింది. ముందు ఒడ్డున నీరు వెనక్కి లాగేసి చివరి మెట్టు కింద బురద బయటపడింది, ఆ వెంటనే కెరటం మెట్లెక్కింది. కట్టేసి ఉన్న నాటు పడవ ఠపీమని రాతికి కొట్టుకుంది. "కొంచెం తగ్గించాం కదండీ" అనే సరంగులకు అదే జవాబు: కొంచెం తగ్గిస్తే ఒక్కోసారి కోత పెరుగుతుంది, బాగా తగ్గించాలి. పోనీ పూర్తి వేగంతో పొమ్మందామా అంటే, వలలూ ఈత పిల్లలూ ఉన్న ఈ ఇరుకు పాయలో అది కుదిరే పని కాదు.

లోతు సంగతి కూడా ఉంది. రెండు మీటర్ల నీటిలో కెరటం గంటకు సుమారు 16 కిలోమీటర్లకు మించి పరుగెత్తలేదు, మీటరు నీటిలో అయితే 11. బోటు ఆ వేగం దరిదాపులకు వస్తే కెరటాలు పోగుపడి లేస్తాయి. ఎత్తు రెట్టింపైతే దాని శక్తి నాలుగింతలు. అందుకే పోటులో సరిపోయిన వేగం పాటులో పనికిరాదు. వేగ పరిమితి బోర్డు మీద పోటుకొకటి, పాటుకొకటి రెండు అంకెలు ఉండాలని మనం పట్టుబడుతున్నది ఇందుకే.

బోటు, డీజిలు ఇచ్చిన సరంగు గారికి, గెడలు కొట్టించి పంపిన రైతు సోదరులకు, ఆ పూట వలలు తీసిపెట్టిన మత్స్యకారులకు, ఉప్మా, కాఫీలు అందించిన మహిళా సభ్యులకు, గీతలు రాసుకున్న హైస్కూలు పిల్లలకు, మాస్టారికి పేరుపేరునా కృతజ్ఞతలు. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు చూపించిన మిగతా వారంతా ఆ ఉదయం ఎక్కడికి పోయారో వారికే తెలియాలి.

బోట్ల వేగం తగ్గించమని వినతిపత్రం ఇస్తే ఒక కార్యాలయం మాది కాదంటూ రెండోదానికి పంపింది, రెండోది తిరిగి మొదటిదానికే పంపింది. నదుల్లో, కాలువల్లో తిరిగే బోట్లకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో అంతర్గత నౌకల చట్టం వచ్చింది. గోదారిలో పర్యాటక బోటు మునిగిన 2019 కచ్చులూరు ప్రమాదం తర్వాత లైఫ్ జాకెట్ల గురించి అడుగుతున్నారు, సంతోషం. గట్టు మీద ఉన్నవాడి గోడు అడిగే నాథుడే లేడు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. నిల్వ స్వల్పం, చందా బకాయిలు స్వల్పం కాదు.

వచ్చే నెల పాయ రెండు మొగల్లోనూ మన ఖర్చుతోనే బోర్డులు పాతాలని కార్యవర్గం తీర్మానించింది. గోతులు తవ్వడానికి రాగలవారు సమావేశం ముగిసేలోగా పేర్లు రాయించండి.

భవదీయుడు,
కార్యదర్శి