స్నేహం ముసుగు కాదు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ ఉత్తరాల పేజీలో మా గుంటూరు నుంచే ఒక తండ్రి రాసింది చదివాను. కాలేజీల్లో ఆడపిల్లలు, మగపిల్లలు మాట్లాడుకోకుండా కట్టడి చేయాలనీ, 'ఫ్రెండ్' అన్నమాట ఒక ముసుగేననీ, ఆ ముసుగు వెనకాల ప్రేమ నడుపుతూ పిల్లలు కన్నవాళ్ళని మోసం చేస్తున్నారనీ ఆయన బాధ. ఆ బాధని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పోయిన ఉగాది నాడు ఇదే మాట, 'మోసం' అన్నమాట, నేనూ నా కూతుర్ని అన్నాను. అందుకే రాస్తున్నాను.

మాకు అరండల్‌పేటలో జిరాక్స్, బైండింగ్ షాపు ఉంది. ఇల్లు బ్రాడీపేట. ఇరవై ఆరేళ్ళుగా ఎన్నో బ్యాచ్‌ల రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు నా చేతుల మీదుగా వెళ్ళాయి. కాలేజీ పిల్లల్ని పొద్దున లేస్తే చూసేవాణ్ణి కాబట్టి వాళ్ళ సంగతి నాకు తెలుసనుకునేవాణ్ణి.

మా అమ్మాయి ఇంటర్ రెండేళ్ళూ గర్ల్స్ క్యాంపస్ హాస్టల్లో ఉండి చదివింది. మగపిల్లలకి వేరే బిల్డింగు, వేరే గేటు. తెల్లారకుండా లేపేవాళ్ళు, రాత్రి పడుకోబోయేదాకా స్టడీ అవర్లు. ర్యాంకు బాగానే వచ్చింది. కానీ బీటెక్‌లో చేరిన మొదటి వారం, ల్యాబ్‌లో పక్కన నిలబడ్డ అబ్బాయిని 'ఆ వైరు ఇటివ్వు' అని అడగడానికి నోరు పెగల్లేదట. వాళ్ళమ్మతో చెప్పుకుని ఏడ్చింది. రోల్ నంబర్లు పక్కపక్కన ఉండటంతో నాలుగేళ్ళూ ఆ అబ్బాయితోనే ల్యాబ్ బ్యాచ్. అతనిది విజయవాడ, గుణదల. కాలేజీ రెండూళ్ళకీ మధ్యన, హైవే పక్కన ఉంది. మా అమ్మాయి శంకర్ విలాస్ సెంటర్లో బస్సెక్కేది, అతను అటు నుంచి వారధి దాటి వచ్చేవాడు.

ఒకరోజు క్యాంటీన్లో ఇద్దరి లంచ్ బాక్సులు తారుమారయ్యాయి. సాయంత్రం మా ఆవిడ గిన్నెలు కడుగుతూ ఆ స్టీలు డబ్బా మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు చూసింది. మా ఇంట్లో ఎవరి పేరూ కాదు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ పేరని మా అమ్మాయి చెప్పింది. ఒకరి గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు కదా. మా ఆవిడ చారెడు కందిపొడి వేసి పంపింది. మా డబ్బా అయితే వచ్చేసింది. వారం తిరగకుండా ఆ పేరున్న డబ్బా కూడా మళ్ళీ వచ్చింది, ఈసారి సున్నుండలతో. ఇక అక్కణ్ణుంచి అది ఆగలేదు. మా గోంగూర పచ్చడి అటు వెళ్ళేది, వాళ్ళ ఎండురొయ్యల పొడి ఇటు వచ్చేది. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళ అయ్యాక ఖర్జూరాలు, బూందీ వచ్చేవి. వాళ్ళు క్రైస్తవులు. క్రిస్మస్‌కి వాళ్ళూ అరిసెలు వండుతారు. అందుకని డిసెంబర్‌లో వాళ్ళ అరిసెలు మేం తినేవాళ్ళం, జనవరిలో మా అరిసెలు వాళ్ళు తినేవాళ్ళు. 'ఆవిడ పాకం మన పాకం కన్నా బాగా కుదురుతుందండీ, అరిసె మర్నాటికీ మెత్తగానే ఉంటోంది' అని మా ఆవిడ ఆశ్చర్యపోయేది. అప్పటికి ఆ తల్లులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఫోన్లో పలకరించుకున్నదీ లేదు.

ఇందులో ముసుగు ఎక్కడుందో ఆ తండ్రిగారు చెప్పాలి. ఆ అబ్బాయి ప్రాజెక్టు పని మీద మా ఇంటికి వచ్చేవాడు. మిగతా ఇద్దరు పిల్లలూ ఉండేవాళ్ళు, నలుగురూ హాల్లో కింద కూర్చుని బోర్డుకి వైర్లు గుచ్చుకుంటూ అరుచుకునేవాళ్ళు. ఆఖరికి ఆ రిపోర్టు బైండింగ్ చేసి, అట్ట మీద నాలుగు పేర్లూ బంగారు అక్షరాలతో కొట్టింది నేనే. వీళ్ళిద్దరి పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నాకేమీ అనిపించలేదు. అనిపించడానికి అప్పుడు ఏమీ లేదు కూడా.

ఇప్పుడు కట్టడి సంగతి. రెండో సంవత్సరంలో కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది, పేరెంట్ వెంటనే రావాలని. షాపు మూసి పరుగెత్తాను. వరండాలో మెట్ల దగ్గర ఒక అబ్బాయితో పావుగంట నిలబడి మాట్లాడిందట. చేతిలో రికార్డు ఉంది, అందులో గ్రాఫు తప్పొచ్చింది, దాని గురించి మాట్లాడుకున్నారు. ఆఫీసు గదిలో పదిమంది ముందు నిలబెట్టి, ఇకపై మగపిల్లలతో మాట్లాడనని తెల్లకాగితం మీద రాయించారు. కింద నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను. 'ఎందుకు పెట్టాలి సార్' అని ఒక్క మాట అడగలేదు. ఆ పిల్ల నా వంక చూసిన చూపు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఇంటికొచ్చాక మా ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు, పరువు తక్కువని.

ఆ సంతకంతో స్నేహం ఆగిందా? ఆగలేదు. ఆగింది మాతో చెప్పడం. అంతకుముందు కాలేజీ నుంచి రాగానే చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టేది, ల్యాబ్‌లో ఇలా అయింది, బస్సులో ఇలా అయింది అని. ఆ తర్వాత గదిలోకి పోయి తలుపేసుకునేది. డబ్బా రెండు నెలలు మా వంటింటి అల్మరాలోనే ఉండిపోయింది. మా ఆవిడకి అనుమానం వచ్చి కూర్చోబెట్టి అడిగితే అప్పుడు కాగితం సంగతి బయటపడింది. ఆవిడ నాతో ఒక్క మాటా అనకుండా మర్నాడు పొద్దున్నే డబ్బా నిండా చేగోడీలు పెట్టి, 'మామూలుగా ఇచ్చిరా' అని కూతురి చేతికిచ్చింది. ఆ రోజు ఆ డబ్బా తీసుకెళ్ళబట్టే మా అమ్మాయి మళ్ళీ ఇంట్లో నోరు విప్పిందని నేను నమ్ముతున్నాను.

మూడో సంవత్సరం చివర్లో ఆ అబ్బాయే ముందు చెప్పాడట, తనకి స్నేహం కన్నా ఎక్కువ అనిపిస్తోందని. మా అమ్మాయి 'నాకలా లేదు' అంది. అతను 'సరే' అన్నాడు. అంతే. మర్నాడు ల్యాబ్‌కి వచ్చాడు, పక్కన నిలబడ్డాడు, పని చేశాడు. మాట తగ్గించలేదు, మొహం మాడ్చుకోలేదు, వెంటపడలేదు. డబ్బా ఎప్పటిలాగే వచ్చింది. ఈ విషయం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు ఆ అబ్బాయి మీద గురి కుదిరింది దీనివల్లే.

కాదన్నందుకు అమ్మాయిల మీద కత్తులెత్తిన వార్తలు మీ పేపర్లోనే చదువుతున్నాం. ఆడపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా ఆ టెన్షన్ ఉంటుంది, నాకూ ఉంది. పై ఉత్తరం రాసిన తండ్రి భయం కూడా అదే అయ్యుండొచ్చు. కానీ కాదన్న మాట వినడం ఎక్కడ నేర్చుకుంటారు? రెండేళ్ళు గోడ అవతల ఉంచి, ఆడపిల్ల అంటే సినిమాలో బొమ్మ తప్ప ఇంకేమీ తెలియకుండా పెంచిన కుర్రాడికి ఆ మాట ఎలా వినబడుతుంది? పక్కన కూర్చుని, రికార్డు ఇచ్చిపుచ్చుకుని, పోట్లాడుకుని, మళ్ళీ మాట్లాడుకుంటేనే ఎదుటిది కూడా తనలాంటి మనిషని తెలిసేది.

ఆఖరి సంవత్సరంలో అతనికి కామెర్లు వచ్చి మూడు వారాలు కాలేజీకి రాలేదు. మా అమ్మాయి వాళ్ళమ్మతో చెప్పిన మాట ఇది: 'ఏం జరిగినా ముందు ఎవరికి చెప్పాలో తెలియలేదమ్మా. వాడికి చెబితే గానీ అది జరిగినట్టే లేదు.' ప్రేమ అన్నమాట అప్పటికీ వాడలేదు. ఉద్యోగాలు వచ్చాక, ఏడాది గడిచాక, ఇద్దరూ నిలకడగా ఉన్నారని తమకి తాము నమ్మకం కుదిరాక, ఉగాది పచ్చడి తింటూ నాకు చెప్పింది.

'నాలుగేళ్ళు ఫ్రెండ్ ఫ్రెండ్ అని మోసం చేశావా' అని అరిచాను.

'ఫ్రెండ్ అని చెప్పినప్పుడు నిజమే చెప్పాను నాన్నా. ఇప్పుడూ నిజమే చెబుతున్నాను' అంది.

మూడు వారాలు మాట్లాడలేదు. ఆ మూడు వారాల్లో ఒక రాత్రి మా ఆవిడ, 'మీరు కాలేజీలో సంతకం పెట్టొచ్చిన రోజు నాకు చెప్పారా?' అని అడిగింది. జవాబు లేదు నా దగ్గర. నిజం రాస్తున్నాను సార్, నా కోపం మోసం మీద కాదు. వాళ్ళ కులం మీద, మతం మీద. అది బయటికి అనడానికి సిగ్గేసి 'మోసం' అన్నమాట వెనక దాక్కున్నాను. ముసుగు వేసుకున్నది నేను.

విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా గారు తన పెద్ద కూతుర్ని దళిత యువకుడికిచ్చి 1948లో సేవాగ్రామ్ ఆశ్రమంలో పెళ్ళి చేశారు. గాంధీజీ దగ్గరుండి జరిపిస్తానన్న పెళ్ళి అది. అప్పటికి ఆయన్ని చంపేశారు, అయినా పెళ్ళి ఆగలేదు. ఈ కథ మా నాన్నగారు చెప్పేవారు, నేను షాపుకొచ్చిన పిల్లలకి చెప్పేవాణ్ణి. అది నా గుమ్మంలోకి వచ్చేసరికి మూడు వారాలు అన్నం సహించలేదు.

పోయిన శ్రావణంలో ఆ అబ్బాయి అమ్మానాన్నలు మా ఇంటికి వచ్చారు. గుమ్మంలో వాళ్ళమ్మగారు చెప్పులు కూడా విప్పకముందే మా ఆవిడని చూసి, 'కందిపొడి వదినగారు మీరేనా?' అన్నారు. మా ఆవిడ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. మగవాళ్ళం ఇద్దరం ఏం మాట్లాడాలో తెలియక నిలబడ్డాం.

మతాలు వేరు, ఎవరూ మారనక్కర్లేదని పిల్లలు ముందే అనుకున్నారు. అందుకని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్‌కి పెట్టాం. ఇక్కడే మీకు ఒక విన్నపం. ఈ చట్టం గురించి నాకే కాదు, నా షాపుకి వచ్చే బీటెక్, డిగ్రీ పిల్లల్లో చాలామందికి సరిగ్గా తెలియదు. పెళ్ళికి ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. పెళ్ళి రోజు ముగ్గురు సాక్షులు ఉండాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు గానీ, వయసు చాలకపోవడం, ముందే పెళ్ళయి భర్తో భార్యో ఉండటం, కూడని వరస కావడం, మతిస్థిమితం లేకపోవడం లాంటి కారణాలకే విలువ. కులం వేరు, మతం వేరు, మాకు ఇష్టం లేదు అంటే చెల్లదు. మేం వెనకాల ఉన్నాం కాబట్టి మా పిల్లలకి ఆ 30 రోజులు మామూలుగా గడుస్తున్నాయి. ఇంట్లోవాళ్ళు ఎదురు తిరిగిన పిల్లలకి అదే నోటీసు ఎంత భయమో ఆలోచించండి. యుక్తవయసు వచ్చిన ఇద్దరు ఒకరినొకరు ఎంచుకుంటే కుటుంబం, కులపెద్దల అనుమతి అవసరం లేదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి జంటల రక్షణ కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ పెట్టమని కూడా చెప్పింది. మన రెండు జిల్లాల్లో ఆ సెల్ ఎక్కడుంది, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మీ జిల్లా పేజీలో ఒక్కసారి కనుక్కుని వేయండి. ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే 'ప్రేమ వ్యవహారం', 'మాయమాటలు' అని రాయడం మానండి. ఆ మాటలు చదివే నాలాంటి తండ్రులు తయారవుతున్నారు.

గత వారం ఉత్తరం రాసిన అయ్యగారికి కూడా ఒక మాట. మీ అమ్మాయి ఫలానా అబ్బాయి నా ఫ్రెండ్ అని చెప్పిందంటే, మీకు చెప్పాలనిపించి చెప్పింది. అది రేపు ప్రేమ కావచ్చు, కాకపోవచ్చు. మా అమ్మాయి ప్రాజెక్టులో ఉన్న ఇంకో అబ్బాయి ఇప్పటికీ ఫ్రెండే, పెళ్ళికి సాక్షి సంతకం పెడుతున్నాడు. ఏదైనా ముందు మీకే చెప్పేలా ఉంచుకోండి. వీలైతే మా షాపుకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

నోటీసు అంటించి ఈ రోజుకి పంతొమ్మిది రోజులు. మా అమ్మాయి ఇంటి నుంచే పని చేస్తోంది, రోజూ క్యాలెండర్ మీద పెన్నుతో గీత పెడుతోంది. ధనుర్మాసం వెళ్ళాక, మాఘంలో చేద్దామని మా ఆవిడ పట్టుబట్టింది, వాళ్ళూ సరేనన్నారు. డబ్బా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. క్రిస్మస్ అరిసెలతో వచ్చింది, ఇంకా తిరిగి వెళ్ళలేదు. బియ్యం నానబోశారు. సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకి వస్తాననీ, ఈసారి పాకం తనే పడతాననీ ఆ అబ్బాయి వాళ్ళమ్మగారు రాత్రి ఫోన్ చేసి చెప్పారు.

ఇట్లు,
ఒక తండ్రి,
బ్రాడీపేట, గుంటూరు.