కాశీలో మా నాన్నగారిని మాకు అప్పగించినవాళ్ళకి

ఈ మార్గశిరంలో అమ్మానాన్నలని తీసుకుని నేనూ, మా ఆయనా కాశీ, ప్రయాగ వెళ్ళొచ్చాం. నలుగురం క్షేమంగా ఇల్లు చేరామంటే దారి పొడుగునా ఎందరో చెయ్యేశారు. వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు, ఈ మాటలు వాళ్ళదాకా వెళ్ళవు. అయినా పదిమందిలో చెప్పుకుంటేనే నా మనసుకి తృప్తి.

ముందు రైల్లో ఎదురు బెర్తు కుర్రాడికి. మా నాయనమ్మ ఎప్పుడో యాత్ర చేసొచ్చి చెప్పిన కబుర్లవల్ల నాన్నగారికి కాశీ దారంటే మొఘల్‌సరాయే. ఆ బోర్డు కోసం తెల్లవార్లూ కిటికీ దగ్గరే కూర్చున్నారు. బండి ఏదో పెద్ద స్టేషన్లో ఆగింది. "ఇది కాదు, మొఘల్‌సరాయ్ ఇంకా రాలేదు, కూర్చోండి" అని ఆయన, "అందరూ దిగిపోతున్నారండీ" అని అమ్మ. మా తెలుగు గొడవలో ఆ అబ్బాయికి అర్థమైంది మొఘల్‌సరాయ్ అన్న మాట ఒక్కటే. దుప్పటి తోసేసి లేచి, "యహీ హై, యహీ హై" అంటూ మా సామాను తనే ప్లాట్‌ఫారం మీదికి దించాడు. 2018లో స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌గా మారిందని బండి కదిలాక గానీ మాకు తెలీలేదు. బాబూ, నువ్వు చల్లగా ఉండాలి.

ఇక అసలు సంగతి. విశ్వనాథుడి దర్శనం బాగా అయింది. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి లాకర్లో పెట్టినవన్నీ బయటికొచ్చాక అమ్మ సంచీలో వేసుకున్నాం. నాన్నగారి ఫోనూ అందులోనే. 2021లో గుడినుంచి గంగ ఒడ్డుదాకా కారిడార్ తెరిచాక గుడి చుట్టూ విశాలంగా ఉంది గానీ, బయటి సందులు ఎప్పటి సందులే. ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాలి. అలాంటి సందులో మాకు ఎదురుగా పెద్ద ఆంబోతు వచ్చింది. మేం ముగ్గురం ఒక కొట్టు మెట్లెక్కాం, నాన్నగారు అవతలి సందులోకి తప్పుకున్నారు. ఆంబోతు తీరిగ్గా వెళ్ళింది. తీరా చూస్తే నాన్నగారు లేరు.

ఆ తరవాత మేం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. డెబ్బై దాటిన మనిషి, హిందీ ముక్క రాదు, చేతిలో ఫోన్ లేదు. "మావయ్యగారూ, మావయ్యగారూ" అని మా ఆయన సందు సందూ తిరిగితే, భాష తెలియకపోయినా కొట్లవాళ్ళంతా తలో వైపు వెతికారు. ఒక చీరల కొట్టాయన అమ్మని లోపల కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆవిడ ఏడుపు ఆపేదాకా పక్కనే ఉన్నాడు.

అవతల నాన్నగారు ఒక లస్సీ దుకాణం ముందు నిలబడిపోయారట. ఎక్కడికెళ్ళాలని అడుగుతున్నారో, ఏ ఊరని అడుగుతున్నారో తెలీక, తనకి వచ్చిన జవాబు ఆయన చెప్పారు: "విజయనగరం." దుకాణంలో పనిచేసే కుర్రాడు "అచ్ఛా, విజయనగరం!" అని ఆయన్ని ఈ-రిక్షా ఎక్కించి, తనూ పక్కన కూర్చుని బయల్దేరాడు. కాశీలో విజయనగరం ఘాట్ ఉంది కదా, మా ఊరి రాజావారు కట్టించినది, కేదార్ ఘాట్ పక్కనే. తిన్నగా అక్కడికే తీసుకెళ్ళాడు.

మేం దిగిన సత్రం మానససరోవర్ ఘాట్ దగ్గర, అక్కణ్ణించి నాలుగడుగులు. ఆ సంగతి నాన్నగారికీ తెలీదు, ఆ కుర్రాడికీ తెలీదు. కేదారేశ్వరుడి గుడి దగ్గర పూలమ్మే ఆవిడ నాన్నగారి పంచె, కండువా చూడగానే "రండి బాబుగారూ, కూర్చోండి" అందట. యాత్రికులతో మాట్లాడి మాట్లాడి నేర్చుకున్న తెలుగు. ఆవిడే నాన్నగారిని నాలుగు మాటలడిగి, ఎక్కడ దిగామో తెలుసుకుని సత్రానికి కబురంపింది. సత్రంవాళ్ళు మాకు ఫోన్ చేశారు.

మేం పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని, ఆ కుర్రాడికి తెలుగులో విజ్జీగారి కథ చెబుతున్నారు. మా విజయనగరం రాజకుటుంబంలో పుట్టి, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా చేసి, 1965లో ఈ కాశీలోనే పోయారు ఆయన. క్రికెట్, కెప్టెన్ అన్న మాటలు పట్టుకుని పిల్లాడు తలూపుతున్నాడు. అమ్మ ఏడుస్తూ కోప్పడితే నాన్నగారు, "నాకేమైందే? విజయనగరం అన్నాను, విజయనగరం తీసుకొచ్చారు" అన్నారు. అంత ఏడుపులోనూ అమ్మకి నవ్వాగలేదు.

ఆ కుర్రాడు డబ్బులు ముట్టలేదు. దుకాణం వదిలి చాలాసేపయిందని పరుగెత్తాడు. వాణ్ణి కన్న తల్లికి నా దండాలు.

మా నాయనమ్మ వాళ్ళు యాత్రలో తప్పిపోకుండా ఒకరి కొంగు ఒకరు ముడేసుకుని నడిచేవారట. చిన్నప్పుడు అది విని పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆ సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌కి హారతి చూడ్డానికి వెళ్తూ అమ్మ తన కొంగుని నాన్నగారి కండువాకి ముడేసింది. అంత జనంలోనూ ఎవరో పెద్దావిడ ఆ ముడి చూసి, పెళ్ళివారు వస్తున్నట్టు అందర్నీ తప్పించి వాళ్ళని ముందుకి పంపింది. ఆవిడకీ నమస్కారం.

చివరగా, ప్రయాగలో కలిసిన నిజామాబాద్ అక్కలకి. సంగమంలో వేణీదానం చేస్తే భర్తే భార్యకి జడ అల్లాలి, కొస కత్తిరించి నీళ్ళలో వదలాలి. నాన్నగారు ఈ జన్మలో జడ అల్లిన మనిషి కాదు. రెండు పాయలు పట్టుకుని మెలిపెడుతుంటే జారిపోతోంది, అమ్మ ఆయన ఒళ్ళో కూర్చుని సిగ్గుపడిపోతోంది, పంతులుగారు తొందరపెడుతున్నారు. పక్క పడవలోంచి మీలో ఒకరు "గట్ల గాదు తాతా, మూడు పాయలు జెయ్యి. కుడిది నడుమకు తే, మల్ల ఎడమది" అని చెబుతూ పోతే, నాన్నగారు వణికే వేళ్ళతో చివరిదాకా అల్లారు. మీరంతా చప్పట్లు కొట్టారు. అమ్మ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

మీ పడవ ముందు కదిలిపోయింది, పేర్లు కూడా అడగలేకపోయాను. ఆ చప్పట్లప్పుడు మా ఆయన తీసిన ఫొటోలో మీరు ఐదుగురూ స్పష్టంగా ఉన్నారు. ఇది మీలో ఎవరు చదివినా, మీకు తెలిసినవాళ్ళు చదివినా, నాకొక మెసేజ్ పెట్టండి. ఫొటో పంపుతాను. నాన్నగారు మీతో మాట్లాడాలంటున్నారు.