బియ్యం నిండుకుంటే పుష్కలమా?

సంపాదకుల వారికి,

కిందటి ఆదివారం మీ పత్రికలో వచ్చిన పదాల గడికి మొన్న జవాబులు వేశారు. అడ్డం 14కి ఆధారం 'బియ్యం నిండుకొనెను'. జవాబు 'పుష్కలం' అట! తెలుగింట్లో బియ్యం నిండుకున్నాయంటే డబ్బా అడుగు కనబడుతోందని, అంగడికి మనిషిని పంపాలని అర్థం. 'అయిపోయాయి' అనడం అశుభమని అలా అంటారు. దీపం ఆరితే కొండెక్కిందన్నా, తాళి తెగితే పెరిగిందన్నా, రాత్రిపూట పామును పురుగన్నా అందుకే. నిండుకోవడంలోనైతే పైకి ఒక అర్థం, లోపల దానికి సరిగ్గా ఎదురర్థం. గడి కూర్చేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? 'ఖాళీ అని అనలేక నిండుగా చెప్పే మాట (5 అక్షరాలు)' అని ఇచ్చి 'నిండుకున్నాయి' రాబట్టొచ్చు. మీ కూర్పరికి ఆ మాటే తెలియదు. తెలుగు వచ్చినవాళ్ళకు ఆ మూడు గళ్ళూ పడలేదు, 'ష్క' మీదుగా దిగే 'నిష్కపటం' కూడా చెడింది.

అదే గడిలో నిలువు 9, 'రాధ తిరగబడితే ప్రవాహం', జవాబు 'ధార'. ఇదీ తప్పే. తెలుగు గళ్ళలో ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. గుణింతం, ఒత్తు, సున్నా ఆ అక్షరాన్ని అంటిపెట్టుకునే కదులుతాయి. 'రాధ' తిరగబడితే 'ధరా' అవుతుంది, దీర్ఘం 'రా'ను వదిలి 'ధ' మీదికి పోదు. 'తీగ తిరగబడితే శిరస్సు' అనండి, లత తల అవుతుంది. 'కమలం నడుము తీసేస్తే రాసుకోవచ్చు' అనండి, కలం వస్తుంది. తిరగబడు, చెదురు, తల తీయు, తోక తెగు, ఆధారంలో ఏ మాట వాడితే అక్షరాలకు ఆ పనే జరగాలి.

ఆరుద్ర గళ్ళ నుడికట్టు, శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక కూర్చిన భాషలో ఇప్పుడు 'ఒక సినీ నటి', 'ఇంగ్లీషులో బల్ల' ఆధారాలయ్యాయి. బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణలో చట్టమైతే తెచ్చారు. నుడికారం ఎవరు నేర్పుతారు? అధికారుల ప్రకటనలు చూడండి. రేపు నల్లా రాదని చెప్పరు, 'నీటి సరఫరాలో అంతరాయం ఏర్పడును' అంటారు. నిండుకున్నాయన్న మాటలో ఇల్లు చల్లగా ఉండాలన్న కోరిక ఉంది. ఈ 'అంతరాయం'లో మళ్ళీ నీళ్ళు ఎన్ని గంటలకొస్తాయో చెప్పకుండా తప్పించుకోవడమే ఉంది. దాన్ని మీరు ఉన్నదున్నట్టు అచ్చేస్తారు.

అచ్చుకు ముందు జవాబులు తెలియని ఇంకొకరితో గడి నింపించండి. ఈ రెండు తప్పుల సవరణ వచ్చే ఆదివారం గడి పక్కనే వేయండి, లోపలి పేజీలో కాదు.

– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్