అరిసెల బుకింగ్ ఇంకా ఎందుకు తెరవలేదంటే, అలాగే మా వంటింటి పాటల సంగతీ

అందరికీ నమస్కారం అండీ. కొన్ని రోజులుగా వాట్సాప్‌లో మీరందరూ అటు తిప్పి ఇటు తిప్పి మూడే అడుగుతున్నారు. అరిసెలు ఎప్పట్నుంచి ఇస్తారు, స్టేటస్‌లో పెట్టే వంటింటి వీడియోల్లో వెనకాల వినపడే పాటలేంటి, సంక్రాంతికి ఎవరికైనా ఇవ్వాలంటే ఏది బావుంటుంది అని. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చెయ్యడం కుదరట్లేదు, చేతులు ఎప్పుడు చూసినా పిండిలోనే ఉంటున్నాయి, అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, తీరిగ్గా చదువుకోండి.

ముందు అరిసెలు. జనవరి 5 దాకా మా పొయ్యి మీద అరిసె పడదు. బయట షాపుల్లో నవంబర్ నుంచే ప్యాకెట్లు వచ్చేశాయి మీరెందుకింత లేటు అని చాలా మంది అడిగారు, కొందరు కొంచెం కోపంగానే అడిగారు, మీ కోపం నాకు అర్థమైంది అండీ. అరిసెలు నిలవుంటాయి, కాదనను. కానీ రోజులు గడిచే కొద్దీ గట్టిపడతాయి, పండగ పొద్దున పెద్దవాళ్ల చేతికి ఇస్తే తుంచడానికే కష్టపడతారు. సంక్రాంతి రోజు తుంచితే ఇంకా మెత్తగా విడాలి, లోపల నెయ్యి తగలాలి, నువ్వులు పంటి కింద పడాలి. అలా రావాలంటే పండగకి దగ్గర్లోనే వెయ్యాలి, వేరే దారి లేదు.

ఎక్కువ మందిని పెట్టుకుని ఎక్కువ వెయ్యొచ్చు కదా అన్నారు ఒకరు. అరిసెల పని ఎలా ఉంటుందో ఒకసారి చెప్తా వినండి. బియ్యం నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, వడకట్టి గుడ్డ మీద ఆరీ ఆరనట్టు ఉంచాలి, ఆ తడి పోకముందే పిండి ఆడించాలి. ఇక్కడ చెన్నై కోడంబాక్కంలో మా మిల్లు అన్న తడి బియ్యానికి పొద్దున్నే ఒక్క గంటే ఇస్తాడు, ఎందుకంటే తడి పిండి ఆడిస్తే మిషన్ మొత్తం తుడిచాక గానీ వేరేవాళ్ల రాగులూ గోధుమలూ వెయ్యలేడు. పిండి ఇంటికొచ్చాక తడి ఆరిపోకుండా నొక్కిపెట్టి మూత పెట్టాలి, ఈ లోపల ఇటు బెల్లం పాకం. ఆ పాకం దగ్గర మాత్రం మా అత్తయ్యే ఉండాలి. ఆవిడ పళ్లెంలో నీళ్లు పోసుకుని కూర్చుంటారు, గరిటెతో ఒక చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తోస్తారు, అది జారిపోతే ఇంకా రాలేదని, మెత్తటి ఉండ కడితే అయిపోయిందని, ఇంకొక్క నిమిషం దాటి టక్కుమందంటే ఆ అరిసె నమలడానికి పళ్లు చాలవు. ఉండ కట్టిన క్షణంలో దింపెయ్యాలి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు ఆపకుండా కలుపుతూనే ఉండాలి. ఇక వత్తేది ఒకరు, వేయించేది ఒకరు, నూనెలోంచి తీసినవి రెండు చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కేది ఒకరు. ఈ పనికి కొత్తవాళ్లని పండగ వారంలో తెచ్చి నేర్పించలేను. అందుకే ఈ సంవత్సరం ఒక కంపెనీ వాళ్లు వందల్లో గిఫ్ట్ బాక్సులు కావాలని వస్తే వద్దన్నా. మంచి డబ్బే, ఇంట్లో కూడా రెండు రోజులు ఇదే చర్చ, కానీ అది ఒప్పుకుంటే ఏటా మా దగ్గర అర కిలో, కిలో తీసుకునే మీకు ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ధర కూడా ఇప్పుడే చెప్పేస్తా, బుకింగ్ రోజు విని బాధపడకూడదు. కిలో 640 ఉండేది, ఈసారి 720. నెయ్యి, నువ్వులు పెరిగాయి, బెల్లం అనకాపల్లి నుంచే తెప్పిస్తున్నా, దాన్ని మార్చే ఉద్దేశం నాకు లేదు, ఇంకా మాతో పనిచేసే ఇద్దరు తమిళ అక్కలకి పండగ రోజుల కూలీ పెంచా. ఆ 80 రూపాయల్లో ఎక్కువ భాగం వాళ్లకే వెళ్తుంది, తెల్లారకముందే లేచి వచ్చి పొయ్యి ముందు నిలబడేది వాళ్లు కాబట్టి.

ఇక పాటల సంగతి. నాకు ఇది రాయాలంటే భలే ఇష్టం, మీరు అడగడం మంచిదైంది.

మద్రాసులో ధనుర్మాసం అంటే తెల్లారే గుడి మైకే కదా. డిసెంబర్ 16 ఆ ప్రాంతంలో మార్గళి మొదలవుతుంది, మా వీధి చివర పెరుమాళ్ గుళ్లో ఎం.ఎల్.వసంతకుమారి గారి తిరుప్పావై పెడతారు, అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారు కట్టిన వరసలు అవి, 30 పాశురాలు. మీరు పొద్దున వీడియోల్లో వినేది చాలావరకు మేం పెట్టింది కాదండీ, కిటికీలోంచి లోపలికి వచ్చేదే. తెనాలి నుంచి పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చిన మా అమ్మకి మొదట్లో తమిళం ఒక్క ముక్క రాదు, అయినా ముప్పై రోజులూ ఆ పాటకే లేచి కళ్లాపి జల్లి ముగ్గేసేది. పక్కింటి మామి వాళ్ల కోలం, మా అమ్మ గొబ్బెమ్మల ముగ్గు, రెండూ గోడ అవతల ఒకటి ఇవతల ఒకటి, చూసుకుంటూ వేసుకునేవాళ్లు.

డిసెంబర్ సీజన్ కచేరీలకి అమ్మ నన్ను తీసుకెళ్లేది, టికెట్టు లేని మధ్యాహ్నం కచేరీలకి. టి.నగర్ సంగీత సభల్లో ఆ టైమ్‌లో కొత్త పిల్లలు పాడేవాళ్లు, ఇప్పటికీ పాడుతున్నారు, ఎవరైనా వెళ్లొచ్చు. 1927లో ఇక్కడ జరిగిన కాంగ్రెస్ మహాసభలతో పాటు సంగీత సమ్మేళనం పెట్టారు, దాన్నుంచే మరుసటి సంవత్సరం మ్యూజిక్ అకాడమీ పుట్టింది, ఈ సీజన్ మొత్తానికీ మూలం అదే. ఆ హాళ్లలో త్యాగరాజ స్వామి కృతి ఒక్కటైనా లేకుండా కచేరీ దాదాపు ఉండదు, కొత్త ఊళ్లో ఎవరితో మాట్లాడాలో తెలియని మా అమ్మకి ఆ గంటన్నర సొంత ఊళ్లో కూర్చున్నట్టే ఉండేది అనుకుంటా, మొహం చూస్తే తెలిసిపోయేది. మా వంటింట్లో సున్నుండలు చుట్టేటప్పుడు అందుకే బాలమురళీకృష్ణ గారిని పెడతా. మినప సున్నిలో బెల్లం కలిపి, వేడి నెయ్యి పోసి, అరచేతిలో ఉండ చుట్టడానికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు, చెవి ఖాళీగా ఉంటుంది, పాట మొత్తం వినొచ్చు. పాకం దగ్గర మాత్రం ఏ పాటా ఉండదు, అత్తయ్య ఒప్పుకోరు.

జంతికలు వత్తే రోజు వేరే. ఆ రోజు అక్కలే సెలెక్ట్ చేస్తారు, ఎక్కువ ఇళయరాజా, మధ్యలో నేను నావి రెండు పెట్టుకుంటా. 2025 సంక్రాంతికి వచ్చిన సంక్రాంతికి వస్తున్నాం సినిమాలో రమణ గోగుల పాడిన గోదారి గట్టు పాట పెడితే ఇద్దరికీ తెలుగు రాకపోయినా దరువుకి తగ్గట్టు జంతికల గొట్టం తిప్పేస్తున్నారు, మీరు ఎక్కువ మంది అడిగిన వీడియో అదే.

సినిమాలకొస్తే మా ఇంట్లో పండక్కి ఒక్కటే సినిమా, మాయాబజార్. అభిమానం ఒకటే కాదండీ, ఇంటి సంబంధం కూడా ఉంది. మా నాన్న వడపళనిలో విజయా వాహినీ స్టూడియోలో లైట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశారు, మాయాబజార్ తీసిన స్టూడియో అదే. నాన్న చేరేసరికి ఆ సినిమా వచ్చి చాలా ఏళ్లయింది గానీ, సీనియర్లు చెప్పుకునే కథలన్నీ ఇంటికి మోసుకొచ్చేవారు, మార్కస్ బార్ట్లీ గారు కెమెరాతో ఏం మాయ చేశారు అని అన్నం తింటూ చేతులు తిప్పి చూపించేవారు. అప్పుడు స్టూడియో ఫ్లోర్లు ఉన్న జాగాలో ఇప్పుడు మాల్ ఉంది, మీలో చాలా మంది అక్కడే సినిమాలు చూస్తుంటారు. 1957లో ఆ సినిమాని తెలుగులోనూ తమిళంలోనూ రెండు సార్లు తీశారు, రెండిట్లోనూ ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు గారే. కాబట్టి మా వంటింట్లో ఆ విందు పాట వచ్చిందంటే అత్తయ్య మాధవపెద్ది సత్యం గారి గొంతుతో వివాహ భోజనంబు అంటారు, అక్కలు తిరుచ్చి లోకనాథన్ గారి గొంతుతో కల్యాణ సమయల్ సాదం అంటారు, ఎవరి పాట వాళ్లు గట్టిగా పాడతారు, ఒకరి కోసం ఇంకొకరు తగ్గరు. నెయ్యి డబ్బాకి ఆనించిన ఫోన్‌లో ఆ పళ్లేలు వాటంతటవే కదిలి వస్తుంటే మా చిన్నాడు ఇప్పటికీ పని మధ్యలోకి దూరి చూస్తాడు. వాడికి ఏ గ్రాఫిక్స్ సినిమా పెట్టినా ఇంత కుదురుగా కూర్చోడు, మన పాత సినిమా గొప్పతనం అది.

కొత్తవాటిలో నాకు నచ్చింది శతమానం భవతి. 2017 సంక్రాంతికి వచ్చింది, ఊళ్లో అమ్మానాన్న, పండక్కి రాని పిల్లలు, వాళ్లని రప్పించడానికి ఆ తండ్రి పడే తాపత్రయం. జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఈ సినిమా గురించి ఎందుకు చెప్తున్నానంటే, మా దగ్గర ఆర్డర్లు ఇచ్చేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ, "అమ్మా, పిల్లలు ఈసారి రావట్లేదు, వాళ్లకే పంపించు" అని అడ్రస్ రాయించే గొంతులు నాకు బాగా తెలుసు. అమెరికాకి పంపించేవాళ్లకి మాత్రం ఒక మాట. దూరం కొరియర్‌లో ఈసారి అరిసెలు, కజ్జికాయలు పంపను, సున్నుండలు, జంతికలు, చేగోడీలు మాత్రమే పంపుతా. కొరియర్ ఎప్పుడు చేరుతుందో గ్యారంటీ లేనప్పుడు గట్టిపడే సరుకుకి మీ దగ్గర డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

గిఫ్టుల గురించి. నా చిన్నప్పుడు వచ్చిన వాటిలో నేను ఇప్పటికీ దాచుకున్నది ఒక చెక్క ఎద్దుల బండి. సెట్ విప్పేశాక మిగిలిన ముక్కలతో స్టూడియో కార్పెంటర్ మామ ఒకాయన చేసిచ్చారు, భోగి రోజు నాన్న తెచ్చి చేతిలో పెట్టారు. చక్రాలు నిజంగా తిరుగుతాయి, ఒక పక్క పెయింట్ చాలక చెక్క రంగే ఉండిపోయింది, ఆ పక్కన పెన్సిల్ గీతలు కూడా కనిపిస్తాయి. మా ఇంట్లో బొమ్మల కొలువు సంక్రాంతికే, ఇక్కడి వాళ్లంతా నవరాత్రికి గొలు పెట్టి తీసేశాక జనవరిలో మేం మెట్లు కడుతుంటే మామి వాళ్లు ఆశ్చర్యంగా చూసేవాళ్లు, తర్వాత మా కొలువుకి కూడా ముస్తాబై వచ్చేవాళ్లు. కింద మెట్టు మీద ఆ బండికి ఇప్పటికీ చోటు ఉంటుంది.

కాబట్టి ఏం ఇవ్వాలి అని అడిగితే నేను బొమ్మలే చెప్తా. ఈ సంవత్సరం నుంచి కొన్ని కొండపల్లి బొమ్మలు తెప్పిస్తున్నా. తెల్ల పొణికి చెక్క, పట్టుకుంటే బరువే ఉండదు, చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, ఈ మూడే ఇప్పటికి. ఇంట్లో చిన్న పిల్లలుంటే మాత్రం ఏటికొప్పాక బొమ్మలు తీసుకోండి. అంకుడు కర్ర మీద లక్క రంగులు, గుండ్రంగా నున్నగా ఉంటాయి, కొండపల్లి బొమ్మ పిల్లాడి చేతిలో పడితే చెయ్యో తొండమో ఊడుతుంది, నేను ముందే చెప్తున్నా. కొత్త అల్లుడున్న ఇంటికైనా, కూతురికి పొంగల్ సీర్, అంటే పండగ సారె, పంపే తమిళ ఇళ్లకైనా ఒక బొమ్మ, అర కిలో సున్నుండలు, అర కిలో జంతికలు కలిపి ఇస్తున్నాం. కావాలంటే భోగిపళ్ల పొట్లం కూడా పెడతాం, రేగుపళ్లు, చెరుకు ముక్కలు, చామంతి రేకులు. కోయంబేడు మార్కెట్ నుంచి ముందు రోజు తెచ్చేవి కాబట్టి అవి భోగికి ముందు సాయంత్రం మాత్రమే, చిల్లర డబ్బులు మీవి మీరు వేసుకోవాలి.

ప్యాకింగ్ ఈసారి తాటాకు పెట్టెలు. తూత్తుకుడి వైపు ఆడవాళ్లు అల్లినవి, లోపల బటర్ పేపర్ వేస్తాం. ప్లాస్టిక్ డబ్బాలు పూర్తిగా మానేశా, దానికి కారణం మన ఊరి భోగి. తెల్లవారుజామున పిల్లలు భోగి మేళం కొడుతుంటే ఎంత సంబరంగా ఉంటుందో, మంటల్లో ప్లాస్టిక్, టైర్లు వేస్తే ఆ పొగ అంత నరకం. 2018 భోగికి పొగా మంచూ కలిసి ఫ్లైట్లు కూడా దిగలేకపోయాయి, మా అత్తయ్యకి ఆ వారం మొత్తం ఆయాసం. మా డబ్బా ఒక్కటి కూడా ఆ మంటలో పడకూడదు. తాటాకు పెట్టెకి 40 రూపాయలు అదనం, స్టీల్ డబ్బా మీరే తెచ్చుకుంటే అదీ అక్కర్లేదు.

బుకింగ్ డిసెంబర్ చివరి ఆదివారం పొద్దున 7 నుంచి, మీ దగ్గరున్న పాత వాట్సాప్ నంబర్‌కే. పేరు, ఏరియా, ఎంత కావాలి, ఏ రోజు తీసుకుంటారు, ఈ నాలుగూ ఒకే మెసేజ్‌లో పంపండి, వాయిస్ మెసేజ్ అయినా పర్లేదు. ఒక ఇంటికి అరిసెలు రెండు కిలోల దాకానే. జనవరి 10 తర్వాత కొత్త ఆర్డర్ తీసుకోను, ఎంత తెలిసినవాళ్లయినా సరే, దయచేసి మా ఆయనకి ఫోన్ చేసి రికమెండ్ చేయించొద్దు. కాళ్ల నొప్పులతో రాలేని పెద్దవాళ్లు వడపళని, సాలిగ్రామం, కోడంబాక్కంలో ఎవరున్నా మెసేజ్‌లో ఆ మాట రాయండి, డెలివరీ చార్జ్ లేకుండా మా చిన్నాడు సైకిల్ మీద తెచ్చిస్తాడు.