చిన్నోడికి, ఒంగోలు నుంచి

ఒంగోలు,
4 మే 2025

చిరంజీవి చిన్నోడికి,

ప్రభువు నామమున నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలియజేయి. ప్రతి ఉత్తరంలో రాసే ముక్కే అయినా ఈసారి నిజంగానే తెలియజేయమని అడుగుతున్నాను.

ఎండలు పేలిపోతున్నాయి. పదింటికే వీధిలో మనిషి కనపడటం లేదు. బోరు మోటారు కాలిపోతే మళ్ళీ వైండింగ్ చేయించాం, రెండు రోజులు ట్యాంకరు నీళ్ళే. మీ అమ్మ మోకాలికి నువ్వు పంపిన పట్టీ వేసుకుంటోంది. చర్చికి వెళ్ళేటప్పుడు మాత్రం తీసేస్తుంది, ఎవరైనా అడుగుతారని. పెద్దది నెలాఖరుకి పిల్లల్ని తీసుకుని వస్తానంది. ఆవకాయ పెట్టేశాం. వెల్లుల్లి ఎక్కువ వేసి నీ జాడీ విడిగా ఉంచింది అమ్మ. పోయినసారి కొరియర్‌లో మూత ఊడి నూనంతా కారిపోయింది కదా, అందుకని పంపలేదు. నువ్వొస్తే తీసుకెళ్తావని చూస్తోంది.

క్రిస్మస్ ముందు రాత్రి నువ్వు బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయి నేటికి నాలుగు నెలల పది రోజులు. ఈస్టరుకి వస్తావనుకున్నాం. గ్రూపులో అమ్మ పెట్టే వాక్యాలకి బ్లూ టిక్కులు పడుతున్నాయి కాబట్టి బాగానే ఉన్నావని ధైర్యం చెప్పుకుంటున్నాం.

బండి మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ బకిల్ పెట్టుకుంటున్నావా? ఊరికే తల మీద బోర్లించుకుంటే ఉపయోగం లేదు. రాత్రి పదకొండు తర్వాత తినడం మానుకో. మన ఇంట్లో షుగరు ఉంది. మీ తాతకి, నాకు, సత్యం మావయ్యకి ముగ్గురికీ నలభై లోపే వచ్చింది. ముప్ఫై దాటగానే టెస్టు చేయించుకోమన్నాను, చేయించావా? నీతో ఉండే అబ్బాయికైనా కాస్త వంట వచ్చో రాదో.

ఆ రాత్రి సంగతి. ప్రార్థనలో నేను మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చదివాను, మగవాళ్ళతో కలిసే మగవాళ్ళు దేవుని రాజ్యానికి వారసులు కారని ఉన్న చోటు. యేసు పుట్టుక ఉన్న లూకా రెండో అధ్యాయం చదవాల్సిన రాత్రి అది. గుంటూరు అత్త ఫోనులో చెప్పిన మాట కడుపులో పెట్టుకుని, నీ ముఖం చూడకుండా, నీకు వినపడాలనే చదివాను. ఇది నీకు తెలుసు. అయినా నా నోటితో నేను ఒప్పుకోవాలి.

అత్త వాళ్ళ అమ్మాయి ఎక్కడో ఫొటో చూసిందట. నువ్వూ ఇంకో అబ్బాయీ రంగుల జెండా పట్టుకుని ఉన్నారట. పంపిస్తానంది, వద్దన్నాను. నువ్వు చూపించాల్సింది ఆమె ఎందుకు చూపించాలి? పోయిన నెల మళ్ళీ ఫోను చేసి, ఎవరో ఉపవాస ప్రార్థనలతో బాగుచేస్తారనీ, మూడు వారాలు అక్కడే ఉంచాలనీ చెప్పింది. కర్నూలులో ఉన్న నా శిష్యుణ్ణి, డాక్టర్ని, అడిగాను. సార్, ఇది జబ్బు కాదు, మార్చేస్తామని వైద్యం పేరుతో ఎవరు చేసినా తప్పేనని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ చెప్పింది అన్నాడు. అత్తకి అదే మాట చెప్పి పెట్టేశాను. అప్పటినుంచి ఆమె మాట్లాడటం లేదు. నెల్లూరు సంబంధం వాళ్ళకి కూడా లేదని చెప్పాను. సంగతి తెలిసి తెలిసి ఒక ఆడపిల్ల గొంతు కోయలేను. అమ్మ రెండు రోజులు ఏడ్చింది. తర్వాత పరుపులు ఎండేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నువ్వు కంచంలో రొయ్యని పైకెత్తి, "నాన్నా, లేవీయకాండం పదకొండులో రెక్కలూ పొలుసులూ లేనిది హేయం అని ఉంది, ఇది తింటున్నాం కదా" అన్నావు. నేను వెంటనే అపొస్తలుల కార్యాలు పదో అధ్యాయం ఎత్తాను. పేతురు మిద్దె మీద చూసిన దుప్పటి, అందులో జంతువులు, దేవుడు పవిత్రం చేసినవి. నువ్వు ఇరవై ఎనిమిదో వచనం చెప్పావు. ఏ మనుష్యుడినీ అపవిత్రుడని చెప్పకూడదని దేవుడు నాకు చూపించాడు అన్నాడు పేతురు, ఆ దర్శనం తిండి గురించి కాదు నాన్నా, మనుషుల గురించి అన్నావు. ఆ వచనం నీకు ఎనిమిదేళ్ళప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టించింది నేనే. నా దగ్గర జవాబు లేక గట్టిగా అరిచాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఈ నాలుగు నెలలూ చదువుతూనే ఉన్నాను. గ్రీకు నాకు రాదు. కానీ ముప్ఫై రెండేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఒక మాట ఎక్కడెక్కడ ఎలా వాడారో చూడటం తెలుసు. నువ్వు ఆ మధ్య పంపిన వ్యాసం ప్రింటు తీయించాను. నేను చదివిన ఆ కొరింథీ వచనంలో మన బైబిల్లో "ఆడంగితనముగలవారు" అన్నచోట గ్రీకులో ఉన్న మాటకి మెత్తన అని అర్థం. అదే మాట మత్తయి పదకొండులో యేసు బట్టల గురించి అన్నాడు. అక్కడ మనవాళ్ళు "సన్నపు బట్టలు" అని రాశారు. బట్టలకైతే సన్నం, మనిషికైతే ఆడంగితనం. పక్కనే ఉన్న "పురుష సంయోగులు" అన్న మాట ఈ పత్రిక రాసిన పౌలుకి ముందు ఎవరి రాతల్లోనూ దొరకలేదట. పరీక్ష పేపరులో నా పిల్లలు ఇలాంటి మాటకి ఒకే అర్థం రాసి ఇస్తే నేను సందర్భం ఏది అని ఎర్ర ఇంకు పెట్టేవాణ్ణి.

అయినా నీతో పూర్తిగా ఏకీభవించానని రాస్తే అబద్ధమవుతుంది. మగవాళ్ళు మగవాళ్ళతో కలవడాన్ని తప్పుపట్టే రోమా మొదటి అధ్యాయం నాకు ఇంకా కొరుకుడు పడలేదు. నువ్వు చెప్పిన వివరణ నాలుగుసార్లు చదివాను, మనసుకి ఎక్కలేదు. ఇది దాచను. కానీ ఒకటి కనిపెట్టాను. పౌలు రాసింది ఉత్తరం. ఉత్తరంలో అధ్యాయాలు ఉండవు, ఆ అంకెలు వందల ఏళ్ళ తర్వాత వేసినవి. నేను ఎప్పుడూ మొదటి అధ్యాయం చివర ఆగి పుస్తకం మూసేవాణ్ణి. ఆగకుండా చదివితే తర్వాతి వాక్యమే, "కాబట్టి తీర్పు తీర్చు మనుష్యుడా, నీవెవడవైనను సరే నిరుత్తరుడవైయున్నావు." ఆ పూట ఇంక ముందుకి చదవలేకపోయాను.

ఎందుకో నీకు తెలియదు. ఎవరికీ చెప్పలేదు. అమ్మకి సగం తెలుసు.

1988లో కందుకూరు వైపు పల్లెలో పనిచేసేటప్పుడు అక్కడి చిన్న సంఘానికి నన్ను సెక్రటరీని చేశారు. అక్కడ ఒక దర్జీ మాస్టారు ఉండేవాడు. హార్మోనియం ఆయనే. పాట మొదలయ్యే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని వేళ్ళు మీటల మీద ఉంచి ఆగేవాడు. అంతమంది పిల్లలూ గప్‌చిప్. ఆయనా, సైకిల్ షాపు ఆయనా ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నారు. ఒకే వంట, ఒకే గది. ఊరంతా "ఆ అన్నదమ్ములు" అనేది. అన్నదమ్ములు కాదని ఊరంతటికీ తెలుసు. ఎవరికీ బాధ లేదు. వానాకాలంలో సైకిల్ షాపు ఆయన హార్మోనియం పెట్టెకి తన రగ్గు కప్పి నెత్తిన పెట్టుకుని తెచ్చేవాడు.

ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు సభలకి వచ్చాడు. మూడు రోజులూ బైబిల్లో దేవుడు నాశనం చేసిన సొదొమ పట్టణం గురించే. ఆ తర్వాత పెద్దలు కూర్చుని దర్జీ మాస్టారికి ప్రభువు బల్ల, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, ఆపాలన్నారు, హార్మోనియం వాపసు తీసుకోవాలన్నారు. ఆ కమిటీలో నూటికి అయిదు రూపాయల వడ్డీకి అప్పులిచ్చే మనిషి ఉన్నాడు. క్రిస్మస్ ముందు రాత్రి నేను చదివిన అదే వచనం పక్కన "లోభులు, దోచుకొనువారు" అని ఉంది. యెహెజ్కేలు పదహారులో సొదొమ దోషం ఏమిటో చెప్పి ఉంది, తిండి ఎక్కువై, పొగరెక్కి, దీనుల్ని ఆదుకోకపోవడం అని. నాకు అప్పటికే తెలుసు. నోరెత్తలేదు. ఉత్తరం రాయమన్నారు, నా చేతిరాత బాగుంటుందని. రాశాను. వచనం సంఖ్యతో సహా, కింద గీత గీసి రాశాను. నేనే వెళ్ళి ఇచ్చాను.

ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని చదివాడు. పాదం ఇంకా తొక్కుడుపట్టీ మీదే ఉంది. కాగితం మడిచి సుద్దముక్కల డబ్బాలో పెట్టాడు. సాయంత్రం హార్మోనియం శుభ్రంగా తుడిచి చర్చికి తెచ్చి నాకు అప్పగించి, "మాస్టారూ, పైవరసలో ఒక రీడు సరిగా పలకదు, కొంచెం గట్టిగా నొక్కమని చెప్పండి" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు.

అయిదేళ్ళ తర్వాత నువ్వు పుట్టావు. చర్చిలో నిన్ను దేవునికి ప్రతిష్ఠించే రోజుకి రెండు రోజుల ముందు కాగితంలో చుట్టిన తెల్ల చొక్కా అమ్మకి ఇచ్చి వెళ్ళాడట. కుట్టుకూలి తీసుకోలేదు. నీ మెడకి ఒరుసుకోకుండా కాలరు లోపలివైపు మెత్తటి మల్లు గుడ్డ వేసి కుట్టాడు. ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉంది, నిన్న తీసి చూశాను. 1995లో ఆయన పోయాడు. చాలా బతిమాలించుకుని సమాధుల తోటలో మూలన చోటిచ్చారు. మట్టి వేసేటప్పుడు సైకిల్ షాపు ఆయన కంచె బయట, సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేను అతనికి ఆరడుగుల దూరంలో ఉన్నాను. నేనూ అనలేదు.

చిన్నోడా, నిన్ను కంచె బయట నిలబెట్టే ఉత్తరం మళ్ళీ నా చేత్తో రాయను. ఆ రాత్రి నేను చదివింది అదే ఉత్తరం.

ఇంకో సంగతి కూడా లెక్క వేశాను. 2013 డిసెంబరులో మీ హాస్టల్ వార్డెన్ ఫోను చేసి నువ్వు రెండు రోజులుగా భోజనానికి రావడం లేదన్నాడు. సబ్జెక్టు పోయిందేమోనని వచ్చి నిన్ను తిట్టాను. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్ని సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది ఆ నెల పదకొండునట. 2018 సెప్టెంబరు 6, గురుపూజోత్సవం మర్నాడు, మధ్యాహ్నం ఫోను చేసి "నాన్నా, పేపరు చూడు, టీవీ పెట్టు" అన్నావు. నీ గొంతులో అంత సంతోషం ఎప్పుడూ వినలేదు. "మనకెందుకురా అవన్నీ" అన్నాను. నువ్వు సరే నాన్నా అని పెట్టేశావు. పెద్దవాళ్ళ ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని ఆ రోజు సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ఇప్పుడు చదివాను. ఈ మనుషులకీ, వాళ్ళ కుటుంబాలకీ చరిత్ర క్షమాపణ చెప్పాల్సి ఉంది అని జస్టిస్ ఇందు మల్హోత్రా రాశారు. 2013 నుంచి 2018 దాకా అయిదేళ్ళు మా ఇంట్లో ఒకడు ఒక్కడే కూర్చుని ఈ వార్తలు చదువుకున్నాడు, నాకు తెలియదు. 2023 అక్టోబరులో ఇలాంటి జంటల పెళ్ళిళ్ళకి చట్టం ఒప్పదని తీర్పు వచ్చినప్పుడు కూడా నువ్వు ఇంట్లోనే ఉన్నావు, దసరా సెలవులకి ముందే వచ్చేశావు. జ్వరం అన్నావు. అమ్మ మిరియాల కషాయం పెట్టింది.

మన తాతల సంగతి నీకు తెలిసిందే అయినా రాస్తాను. ధాత కరువులో మా ముత్తాత బకింగ్‌హాం కాలువ తవ్వాడు, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టు తీసుకున్న భాగంలో. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకుంటే అందులో ఆయనొకడు. దానికి పదేళ్ళ ముందే పెద్ద కులాలవాళ్ళు దొర దగ్గరికి వచ్చి, ఆ మాదిగల్ని పంపించేయండి, మేమంతా చేరతాం అన్నారు. దొర తన గదిలో బైబిలు తెరిస్తే, దొరసాని ఇంకో గదిలో తెరిస్తే, ఇద్దరికీ వచ్చింది ఒకటే భాగమట, "నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని, ఎన్నికలేనివారిని" దేవుడు ఏర్పరచుకున్నాడని. మన వాళ్ళని పంపలేదు. ఆ భాగం ఎక్కడుందో నీకు చెప్పక్కర్లేదు. మొదటి కొరింథీ, మొదటి అధ్యాయం. నేను నీ ముందు చదివిన పత్రికే. మనల్ని లోపలికి పిలిచిన పేజీకీ, నేను నిన్ను బయటికి పంపిన పేజీకీ మధ్య నాలుగైదు కాగితాలు కూడా లేవు.

నా మీద కోపంతో వాక్యం చదవడం మానకు. ఆదివారం ఏదో ఒక చర్చికి వెళ్ళు. వెనక బెంచీలో కూర్చున్నా సరే. పాడటం మానకు, నీకు మంచి గొంతు. జీతమంతా ఖర్చు పెట్టకు, పీఎఫ్ నామినీ పేరు ఎవరిదో ఒకసారి చూసుకో, ఎవరి పేరు పెట్టుకున్నా నేనేమీ అనను. ఇంటి అద్దె అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ ఉండేలా చూసుకోండి, రేపు ఓనరు ఒకరిని ఖాళీ చేయమంటే ఇబ్బంది. సలహాలు ఎక్కువయ్యాయి, ఆపేస్తాను.

అమ్మతో అన్నీ చెప్పాను, దర్జీ మాస్టారు సంగతితో సహా. ఆమె ఇంకా సర్దుకోలేదు. ప్రార్థన చేసుకుంటోంది, ఏమని చేసుకుంటోందో అడగలేదు. నువ్వు ఫోను చేస్తే మొదట ఏడుస్తుంది, పెట్టేయకు, కాసేపు ఆగితే ఏం తిన్నావని అడుగుతుంది.

ఈ నెల 24 శనివారం. పెద్దది కూడా ఉంటుంది. శుక్రవారం రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగుతారు, నేను ఆటో మాట్లాడుకుని స్టేషనుకి వస్తాను. ఇద్దరికీ టికెట్లు చేయించుకో, వెయిటింగ్ లిస్టు కాకుండా. పై గదిలో కూలరు బాగు చేయించాను. ఆ అబ్బాయి పేరేమిటో, రొయ్యలు తింటాడో లేదో రాయి. కొత్తపట్నం నుంచి తెచ్చే ఆమె ముందు రోజే చెప్పమంటోంది.

మీ నాన్న