వణుకంతా ముసలితనం కాదు

సంపాదకులకు నమస్కారం.

మా నాయనకు 74 ఏళ్లు. టీ గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి సగం పంచె మీద ఒలికేది. వయసు మీదపడింది, ఇంతేలే అని రెండేళ్లు ఊరుకున్నాం. అది మా తప్పే. కిందటి నెల ఒక బ్యాంకులో సంతకం కలవలేదని మూడుసార్లు ఫారం తిప్పి ఇచ్చారు. ఆయన కళ్లలో నీళ్లు చూశాకే కర్నూలుకు తీసుకెళ్లి నరాల డాక్టరుకు చూపించాం.

ఒళ్లో ఊరికే పెట్టుకున్న చెయ్యి వణుకుతూ, నడక మందగించి, కండరాలు బిగుసుకుంటే పార్కిన్సన్స్ అనుమానించాలట. 1817లో జేమ్స్ పార్కిన్సన్ వివరించిన జబ్బు అది. మెదడులో డోపమిన్ అనే, కదలికలను అదుపు చేసే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడం దానికి మూలం. నాయనది వేరు. ఏదైనా పట్టుకుంటేనే, రాస్తేనే వణుకు. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. చిన్నమెదడుతో ముడిపడిన నాడుల పనితీరులో తేడా వల్ల వస్తుంది, వయసుతో పెరుగుతుంది, చాలా ఇళ్లలో వంశంలోనే ఉంటుంది. మా జేజికి తల అడ్డంగా ఊగుతుండేది, పాపం ఆమెనెవరూ డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. థైరాయిడ్ ఎక్కువైనా, కొన్ని ఉబ్బసం మందులతోనూ చేతులు వణకొచ్చు.

ప్రొప్రనలాల్ మాత్రతో నాయన ఇప్పుడు గ్లాసు ఒంటిచేత్తో పట్టుకుంటున్నాడు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అదే మాత్ర ప్రమాదం, సొంతంగా కొనుక్కోవద్దు.

సంతకం చేయలేని వృద్ధుల వేలిముద్రను సాక్షుల ఎదుట తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఆ సంగతి ప్రతి బ్యాంకు కౌంటరు దగ్గర తెలుగులో రాసి పెట్టించాలని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా