సెమీకోలన్‌కు, మూడో బెంచీ నుంచి

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సెమీకోలన్,

ఆగస్టులో నువ్వు రాసిన ఉత్తరానికి డిసెంబరులో జవాబు రాస్తున్నాను. కోపం వస్తే రానీ, కానీ ఇది మొత్తం చదివాక రానీ. ఈ మధ్య నీకు రెండుసార్లు మెయిల్ పంపాను. రెండూ 'అటువంటి చిరునామా లేదు' అంటూ తిరుగుటపాలో వచ్చేశాయి. పాత ఉద్యోగంతో పాటు ఆ చిరునామా కూడా పోయినట్టుంది. చివరికి బీరువాలో నీ గృహప్రవేశం కార్డు దొరికింది. దాని వెనక నీ చేతిరాతలోనే నాగపూర్ ఇంటి నంబరు ఉంది. అందుకే ఈ కాగితం, పెన్ను.

ఇంటి సంగతులు తొందరగా చెప్పేస్తాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు ఎక్కుతోంది. మా చిన్నది ఒకటో తరగతి. మేం మియాపూర్‌కు ఇల్లు మారాం, నీళ్ళ బాధ తప్పింది. నీ స్టీలు క్యారియరు ఇంకా నా దగ్గరే ఉంది, మూత దొరికింది. అంతే.

ఇక అసలు సంగతి. పది రోజులుగా ఎవరికైనా చెప్పాలని గొంతు దాకా వస్తోంది. ఆఫీసులో చెప్తే వాళ్ళకు లెక్కల సార్ ఎవరో తెలియదు. ఇంట్లో చెప్తే కోడు సంగతి తెలియదు. రెండూ తెలిసినవాడివి నువ్వొక్కడివే.

సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం మన కాలేజీలో పాత విద్యార్థుల కలయిక ఉంది. మెయిల్‌లో ఆహ్వానాలు పంపే పని నేను తీసుకున్నాను. మొత్తం 640 చిరునామాలు. ఆహ్వానం గీసింది ఎవరనుకున్నావు? హాస్టల్ గోడ మీద ఏనుగును వేసినవాడే! గోదావరి వంతెన, మన కాలేజీ గంట, రావిచెట్టు, ఎంత బాగా వేశాడో చెప్పలేను. తేదీ, వేళలు, భోజనం, బస్సు దిగాక నడవాల్సిన దారి, అన్నీ ఆ బొమ్మలోనే అందమైన అక్షరాలతో రాశాడు. ఆ ఒక్క బొమ్మను హెచ్‌టీఎంఎల్‌లో పెట్టి పంపాను.

నువ్వు డేటాబేసుల మనిషివి కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఒకే మెయిల్‌లో ఒకే విషయాన్ని రెండు రూపాల్లో పెట్టి పంపవచ్చు. ఒకటి ఏ అలంకారమూ లేని మామూలు అక్షరాలు. రెండోది రంగులు, బొమ్మలు, పట్టికలు ఉన్న హెచ్‌టీఎంఎల్. ఒక కవరులో రెండు కాగితాలన్నమాట. అందుకున్న మెయిల్ ప్రోగ్రామ్ తనకు చేతనైనదాన్ని, లేదా తన మనిషి కోరుకున్నదాన్ని ఒక్కదాన్నే తీసి చూపిస్తుంది, రెండోదాన్ని బయటపెట్టదు. ఈ ఏర్పాటు పేరు మల్టీపార్ట్ ఆల్టర్నేటివ్.

కవరులో రెండు కాగితాలూ పెట్టాను. కానీ మామూలు అక్షరాల కాగితం మీద ఏం రాశానో తెలుసా? 'ఈ సందేశాన్ని చూడాలంటే హెచ్‌టీఎంఎల్‌ను చూపగల మెయిల్ ప్రోగ్రామ్ వాడండి.' ఆ ఒక్క వాక్యమే. ఆఫీసులో పాత ప్రోగ్రామ్ నుంచి తెచ్చి అతికించాను. ఎన్నో మెయిళ్ళలో అదే వాక్యం చూశాను కాబట్టి అక్కడ ఉండాల్సింది అదేనని అనుకున్నాను.

శనివారం రాత్రి పంపాను. ఆదివారం పొద్దున్న ఆరున్నరకు ఫోను. గొంతు వినగానే లేచి నిలబడ్డాను. లెక్కల సార్!

ఒరే, సార్‌కు చూపు పోయి నాలుగేళ్ళయిందట. గ్లకోమా. నీకు తెలుసా? నాకు తెలియదు. మనిద్దరికీ తెలియకుండా నాలుగేళ్ళు... సరే, దాని గురించి మళ్ళీ రాస్తాను, ఇప్పుడు రాయలేను.

ఆయన కంప్యూటర్ మానలేదు. ఎన్‌వీడీఏ అని తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటుంది. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఒక యువకుడు మొదలుపెట్టినది, ఉచితంగా దొరుకుతుంది. సార్ దాంతో రోజూ మెయిల్ వింటారు. ప్రకటనల మెయిళ్ళు వచ్చి ప్రతి బొమ్మ పేరూ, ప్రతి లింకూ వినిపిస్తుంటే విసుగెత్తి, మనవడి చేత థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఎప్పుడూ మామూలు అక్షరాలే చూపించేలా పెట్టించుకున్నారు. ఆయనకు చేరిన నా ఆహ్వానం ఏమిటో ఇక నువ్వే ఊహించుకో.

ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "నీ ఉత్తరం వచ్చింది నాయనా. ఒకటే వాక్యం ఉంది. నేనేదో తప్పు నొక్కానేమోనని మూడుసార్లు విన్నాను. లోపల ఇంకో ఉత్తరం ఉందని, అది నాకు కాదని అర్థమైంది. తీరిక ఉంటే అందులో ఏముందో చదివి వినిపిస్తావా?"

గొంతులో కోపం లేదు రా. కోప్పడినా బాగుండేది. నేను ఆ బొమ్మ ముందు పెట్టుకుని తేదీ చదివాను, వేళలు చదివాను, దారి దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసింది. ఆయన "ఊఁ, చెప్పు" అంటూనే ఉన్నారు, మనం బోర్డు దగ్గర తడబడినప్పుడు అన్నట్టే.

బోర్డు గుర్తుందా? బొమ్మ వేసి, సిద్ధాంతం నిరూపించి, అంతా అయ్యాక డస్టరుతో బొమ్మ తుడిచేసి "ఇప్పుడు చెప్పండి" అనేవారు. బొమ్మ లేకుండా మాటల్లో చెప్పగలిగితేనే వచ్చినట్టు లెక్క. నువ్వు వృత్తం గురించి చెప్పబోయి గాలిలో చెయ్యి తిప్పితే, ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించారు కదా! ఆయన దగ్గర మూడేళ్ళు చదివినవాణ్ణి, ఆయనకే బొమ్మ పంపి మాటలు పంపలేదు.

ఆ రోజంతా ఇంకే పనీ చేయలేదు. ముందు పంపిన మెయిల్ మూలాన్ని, అంటే తెర వెనక ఉండే దాని ముడి రూపాన్ని, తెరిచి చూశాను. ఎన్నేళ్ళుగానో మెయిల్స్ పంపుతున్నాను, మూలాన్ని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. రెండు కాగితాల మధ్య ఒక హద్దు గీత ఉంటుంది. నేను కోడు రాసే పైథాన్ భాష వేసే గీత వరుసగా 15 సమానం గుర్తులతో మొదలై, ఒక పొడుగాటి సంఖ్యతో సాగి, మళ్ళీ రెండు సమానం గుర్తులతో ముగుస్తుంది. ప్రతి భాగానికి ముందు రెండు చిన్న గీతలు, ఆ పైన ఈ హద్దు. చిట్టచివరి హద్దుకు మాత్రం వెనక కూడా రెండు గీతలు.

లోపల తెలుగు తెలుగులా కనిపించదు. బేస్64లోకి, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు వంటి గుర్తుల్లోకి, మారి ఉంటుంది. ఇక్కడ ఒక అందమైన సంగతి చూశాను, నీకు తప్పకుండా నచ్చుతుంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం ఒక్కొక్కదానికి 3 బైట్లు. గుణింతం గుర్తు, పొల్లు, సున్న కూడా అంతే. బేస్64 సరిగ్గా 3 బైట్లనే తీసుకుని 4 గుర్తులు చేస్తుంది. అందుకని తెలుగుతో మొదలైతే, మొదటి ఖాళీ వచ్చేదాకా ప్రతి నాలుగు గుర్తులూ '4, ఎల్, సి' అనో '4, ఎల్, జి' అనో మొదలవుతాయి! 'ఆహ్వానం' అన్న మాటలో అటువంటివి 7 ఉంటాయి, అంటే 28 గుర్తులు. ఇంకో పద్ధతిలో, కోటెడ్ ప్రింటబుల్‌లో, అదే మాటకు 63 కావాలి. ఇంగ్లీషుకు అది చవక, మనకు ఇది చవక. ఇప్పుడు ఏ మెయిల్ మూలంలోనైనా ఆ '4, ఎల్' కనిపిస్తే తెలుగు మొదలైందని కళ్ళు వాటంతటవే పట్టేస్తున్నాయి.

రాత్రి కొత్తగా రాశాను. పైథాన్ 3.6 నుంచి ఈమెయిల్‌మెసేజ్ అని చక్కటి ఏర్పాటు స్థిరపడింది. సెట్ కంటెంట్‌తో ఒక రూపం, యాడ్ ఆల్టర్నేటివ్‌తో ఇంకో రూపం. రెండే వరుసలు. పాత పద్ధతిలో మైమ్‌మల్టీపార్ట్‌కు 'ఆల్టర్నేటివ్' అని మనమే చెప్పాలి. చెప్పకపోతే అది 'మిక్స్‌డ్' అనుకుంటుంది, రెండు కాగితాలూ ఒకదాని కింద ఒకటి పరిచేస్తుంది.

ఆ రెండు వరుసలనే నేను తారుమారు చేశాను. అందం ముందుండాలని హెచ్‌టీఎంఎల్‌ను మొదట పెట్టి, మామూలు అక్షరాలను తర్వాత చేర్చాను. నాకే పంపుకుని చూస్తే ఫోనులో వంతెన లేదు, గంట లేదు, ఉత్త అక్షరాలే! గంటసేపు వెతికాక తెలిసింది. నియమం ప్రకారం తక్కువది ముందు, మేలైనది చివర. చదివే ప్రోగ్రామ్ తనకు అర్థమయ్యేవాటిలో చివరిదాన్ని ఎంచుకుంటుంది. ఎందుకలా పెట్టారో చదివితే ముచ్చటేసింది. నేథనియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అని ఇద్దరు 1992లో మెయిల్‌లో ఇలాంటి భాగాలు పెట్టే ఈ మైమ్ నియమాలు రాశారు, 1996లో మళ్ళీ సవరించారు. అప్పటికి ఇవేవీ తెలియని పాత మెయిల్ ప్రోగ్రాములు లోకం నిండా ఉన్నాయి. అవి మొత్తం మూలాన్ని అలాగే తెర మీద పోసేస్తాయి. అప్పుడు పైన మామూలు అక్షరాలుంటే ఆ పాత ప్రోగ్రామ్ ముందు కూర్చున్న మనిషి హాయిగా చదువుకుంటాడు, కిందిది వదిలేస్తాడు. చూశావా? కొత్తది కనిపెడుతున్న రోజునే అది అందని మనిషి కోసం పై వరుస వదిలిపెట్టారు. నేను ఆ వరుసలోనే 'నీకు లేదు పో' అని రాసి పంపాను.

తర్వాత అసలు కష్టం, ఆ పై వరుసలో ఏం రాయాలన్నది. మొదట హెచ్‌టీఎంఎల్‌ను మాటలతో పట్టికగా మార్చి రాసి, దాంట్లోంచి ట్యాగులు, అంటే హెచ్‌టీఎంఎల్ గుర్తులు, తీసేసే చిన్న ప్రోగ్రామ్ నడిపాను. పట్టిక గోడలు పోయి, '9 గంటలకుప్రార్థన10 గంటలకుసభ' అని అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. 'ఇక్కడ నొక్కండి' అని మిగిలింది కానీ ఎక్కడ నొక్కాలో పోయింది. లాభం లేదని పక్కన పెట్టి చేత్తో రాశాను. ఎన్‌వీడీఏ తెచ్చి నా కంప్యూటర్‌లో పెట్టుకుని, తెర ఆపేసి, వింటూ రాశాను. దాని తెలుగు గొంతు రాయి మీద రేకు గీసినట్టుంటుంది, అయినా పావుగంటలో అలవాటైంది. పైన అందం కోసం వేసిన నక్షత్రాల వరుసను కూడా అది వదలకుండా పలికింది. తీసేశాను. లింకును వాక్యం మధ్యలో కాకుండా విడిగా ఒక వరుసలో పెట్టాను. వంతెన బొమ్మ ఉన్నచోట 'గోదావరి వంతెన, పక్కన మన కాలేజీ గంట' అని హెచ్‌టీఎంఎల్‌లో కూడా బొమ్మకు మాటలు చేర్చాను, తేదీని, వేళలను బొమ్మలోంచి బయటకు తెచ్చి నిజమైన అక్షరాలుగా పెట్టాను. మన ఏనుగువాడు ఒక్క మాట కూడా అనకుండా కొత్త బొమ్మ వేసి ఇచ్చాడు.

సోమవారం రాత్రి సార్ ఒక్కరికే పంపాను. అరగంటలో జవాబు. ఏం రాశారో చూడు: "బాగుంది. కానీ దారి చెప్పేటప్పుడు 'ఎడమవైపు పసుపు గోడ కనిపిస్తుంది' అన్నావు. పసుపు నాకెందుకు? కాంప్లెక్సులో దిగాక ఎన్ని అడుగులు, ఎటు తిరగాలి, అది చెప్పు. మిగతా వాళ్ళకు పసుపు ఉంచు."

నేను మన ఊళ్ళో ఉన్న జూనియర్‌కు ఫోను చేసి బస్సు కాంప్లెక్సు నుంచి కాలేజీ గేటు దాకా నడిపించాను. లెక్క పెడుతూ నడిచాడు పాపం. 410 అడుగులు, రెండు మలుపులు, రెండో మలుపులో టీ కొట్టు వాసన. అవును, ఆ టీ కొట్టే! ఇంకా ఉంది! అల్లం దంచే చప్పుడు కూడా రాయమన్నాడు, రాశాను.

బుధవారం మళ్ళీ 640 మందికీ పంపాను. నల్ల తెర మీద అక్షరాలే చూపే మట్ అనే ప్రోగ్రామ్‌లో మాత్రమే మెయిల్ చదివే మన సీనియర్ ఒకాయన, పదేళ్ళలో మొదటిసారి ఒక ఆహ్వానం పూర్తిగా చదివానని రాశారు. సిగ్నలు సరిగా లేని ఊళ్ళో పనిచేసే ఇంకొకావిడకు బొమ్మ రానే లేదట, మాటలు వచ్చాయి. టీ కొట్టు అడుగులు చదివి ముగ్గురు ఏడ్చామని రాశారు. సార్ అయితే...

అయ్యో, నాలుగున్నర కావస్తోంది, వీధి చివర డబ్బా తీసేస్తారు. సార్ ఏమన్నారో వచ్చాక చెప్తాను, నిన్ను అడిగారు, చెయ్యి సంగతి ఆయనకు గుర్తుంది. నీ కొత్త మెయిల్ చిరునామా పెద్ద అక్షరాలతో రాసి వెంటనే పంపు, జాబితాలో నీ వరుస ఒక్కటే ఖాళీగా ఉంది. క్యారియరు తెస్తాను.

నీ
మూడో బెంచీ